ఎవరు తెచ్చిండ్రు?

రెండో లాక్‌డౌన్ నడుస్తున్న వైశాఖ మాసం, ఆదివారం, మధ్యాహ్నం. ఇంట్లో ఉన్నవారు: నేను, మా అక్క రాజమ్మ, నా కూతురు సుజాత, సుజాత అత్తగారు లక్ష్మమ్మ, సుజాత కూతురు నిహారిక. లేనివాడు: నా అల్లుడు వెంకన్న.

ఇలా మొదలుపెట్టడం బొగ్గుగని నేర్పిన అలవాటు. నా ఉద్యోగమంతా ల్యాంపు రూములో గడిచింది. గనిలోకి దిగే ప్రతి మనిషీ మా కిటికీ దగ్గర తన నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కొక్కేనికి ఒక్క బిళ్ల వేలాడుతున్నా ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. రిటైరయ్యాక కూడా డైరీలో ఏ రోజు సంగతి రాసినా ముందు ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది రాస్తేగాని నా చెయ్యి ముందుకు సాగదు. మా అక్క పోయిన నెలలో కన్నుమూసింది. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, కలం ఆ ఆదివారం దగ్గరికే పోతున్నది. మా చిన్నతనం గురించి నాకు తెలుసు అనుకున్నది సగమేనని ఆ రోజే తెలిసింది.

అల్లుడిది చండ్రుగొండ దగ్గర ఊరు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపేవాడు. తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి పోయేవాడు, డ్యూటీ లేని రోజు మిర్చి చేలో ఉండేవాడు. నిహారిక ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. హాస్టల్ మూసేశారని సంచీ సర్దుకుని ఇంటికి వచ్చింది, వచ్చిన మర్నాడు గొంతు నొప్పి అంది. తర్వాత వరసగా ఇంట్లో అందరికీ జ్వరాలు. ఆశా కార్యకర్త గేటు బయట నిలబడి, "ముందు ఎవరికి మొదలైంది?" అని అడిగింది. అడగడం ఆమె పని. "మా పిల్లకే" అని లక్ష్మమ్మ చెప్పింది. అది నిజమే. కాని ముందు పిల్లకు మొదలైంది అన్న మాట ఆ సాయంత్రానికల్లా వీధి చివరకు పోయి, పిల్ల తెచ్చిందట అన్న మాటగా తిరిగి వచ్చింది. రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో ఎవరూ ఆగి చూడలేదు. వెంకన్నతో పాటు అదే బస్సులో పోయేవాళ్లలో అంతకుముందే కొందరు మంచం పట్టారని మాకు చాలా తర్వాత తెలిసింది.

మిగతావాళ్లు కోలుకున్నారు. వెంకన్న ఖమ్మం దవాఖానాలో పోయాడు. నిహారిక తండ్రిని చివరిసారి చూసింది ఫోన్లో, మూతికి ఆక్సిజన్ మాస్కుతో. ఆయన మాట్లాడలేక చెయ్యి ఎత్తి ఊపాడు. తర్వాత శవాన్ని కూడా చూడలేదు, మొహం కనిపించని ప్లాస్టిక్ బట్టల్లో ఉన్నవాళ్లెవరో తీసుకుపోయారు. ఊరి వాళ్లు ఆ వీధికి అడ్డంగా ముళ్లకంప కొట్టి వేశారు. పాలపిల్లవాడు కంప అవతలే ప్యాకెట్లు పెట్టి అరిచి వెళ్లేవాడు. గడప తొక్కేవాడు లేడు గాని ఫోన్లు మాత్రం ఆగలేదు. ప్రతి ఫోన్లో అవే ప్రశ్నలు. ఎట్ల పోయిండు? ఎవరు తెచ్చిండ్రు? కాస్త దగ్గరివాళ్లయితే ఇంకొకటి: నౌకరి పిల్లకే గదా? బొగ్గు బావుల ఊళ్లలో అలా అడగడం దుర్మార్గం కాదు. పని చేసే మనిషి పోతే ఆ ఉద్యోగం ఇంట్లో ఇంకొకరికి వస్తుంది, ఇల్లు నిలబడుతుంది. పరామర్శకు వచ్చినవాళ్లు ఓదార్పుగానే ఆ మాట అంటారు. కాని కంప అవతల బిందె పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి ఈ రెండు మాటల్నీ కలిపి కుట్టింది. "నాయిన్ను పంపి నౌకరి తెచ్చుకున్నది" అంది. నిహారిక అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తున్నది. చేతిలో బట్ట చేతిలోనే ఉంది. ఆ పూట నుంచి అన్నం దగ్గరికి రావడం మానేసింది.

పాసు సంపాదించుకుని నేనూ అక్కా బూర్గంపాడు నుంచి కారులో వచ్చేసరికి ఇంట్లో పరిస్థితి అది. పిల్ల తల దువ్వుకోదు. ఎవరి మొహమూ చూడదు. ఫోన్ మాత్రం చేతిలో ఉంటుంది, అందులో ఏమీ చదవదు. తరగతి పిల్లల గ్రూపులో మొదట అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, తర్వాత అక్కడ పరీక్షలు ఉంటాయా ఉండవా అన్న గొడవ మొదలైంది. ఆమెను విడిగా పలకరించినవాళ్లు లేరు. పలకరించడానికి ఏం మాట అనాలో ఆ వయసు పిల్లలకు తెలియకపోయి ఉండవచ్చు. నా పాత స్నేహితుడి కొడుకు మనసుకు వైద్యం చేసే డాక్టరు. ఫోన్లో అంతా విని, "ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి అంకుల్, దారులు తెరవగానే తీసుకురండి" అన్నాడు. ఆ రోజే స్క్రూడ్రైవర్ తీసుకుని ఆమె గది తలుపుకు లోపలి గడియ ఊడదీశాను. అది చూసి కూడా పిల్ల ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సుజాత బావి దగ్గర గిన్నెలు తోముతున్నది. అక్క పిల్ల పక్కనే కూర్చుని కునుకు తీసింది. నేను పేపరు చూస్తున్నాను. వరండాలో లక్ష్మమ్మ మణుగూరులో ఉన్న చెల్లెలితో మాట్లాడుతున్నది. ఆమెకు చెముడు, ఫోన్ ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది, ఆమె గొంతు కూడా స్పీకరే. "ఏం చేస్తమే చెల్లే, పిల్ల తెచ్చింది, కొడుకు పోయిండు, నా కర్మ" అంది. కొడుకును పోగొట్టుకున్న ముసలామె. నేను పేపరు పక్కన పెట్టి ఆమె నోరు మూయించలేదు. కాసేపటికి లోపలికి చూస్తే అక్క ఒక్కతే కునుకుతున్నది. పిల్ల లేదు.

ఆ ఇంటికి వెనక ఒక కొట్టుగది ఉంది. కింద మిర్చి బస్తాలు, ఆరబోసే పట్టాలు, పై అరలో చేనుకు కావలసిన సామాను. దాని తలుపు లోపలి నుంచి గడియ పడి ఉంది. ఆ గదిలో ఏమేమున్నాయో నాకు తెలుసు, అల్లుడితో కలిసి సర్దినవాణ్ణి నేనే. పిల్ల పడుకునే గది గడియ ఊడదీసిన మనిషికి ఈ తలుపు గుర్తు రాలేదు. "నిహా" అని పిలిచాను. సుజాత పరుగెత్తుకొచ్చి తలుపు మీద రెండు చేతులతో బాదింది. "తియ్యవే, తల్లీ, తియ్యవే" అని అరిచింది. లోపల ఒక బస్తా మీద ఎవరో జరిగిన చప్పుడు. ఊపిరి ఉందన్నమాట. గునపం తెద్దామని తిరిగాను. నా వెనకే లేచి వచ్చిన అక్క నా చెయ్యి పట్టుకుంది.

"గునపం శబ్దం ఇంటే ఏం జేస్తదో ఏమో. మాట్లాడు. మాట్లాడుకుంటుండు" అంది.

ఏం మాట్లాడాలో తోచక నాకు తెలిసిన ఒకే ఒక సంగతి మొదలుపెట్టాను. తలుపు ముందు చెప్పింది తడబడుతూ కొంచెమే. ఇక్కడ వివరంగా రాస్తాను.

మా ఊరు బూర్గంపాడు దాటి అడవి అంచున ఉండేది. ఎండాకాలం మా వాకిలంతా ఆరబెట్టిన తునికాకు వాసన. నాయిన ఆకు కొనే కాంట్రాక్టరు దగ్గర పని చేసేవాడు, సాయంత్రం ఇంటికి వస్తే ఆయన చొక్కా కూడా అదే వాసన వేసేది. కాళ్లు కడుక్కుని, కండువాతో మొహం తుడుచుకుని, అరుగు మీద ఒక చుట్ట పూర్తిగా కాలిందాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ ఏడు అక్క ముదిగొండలో మా మేనత్త ఇంట్లో పెళ్లికి వెళ్లింది. కొంత దూరం బస్సులో, కొంత దూరం బండిలో తిరిగి వచ్చింది. కొత్త గాజులు మాకు చూపించకుండానే పడుకుంది. రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా పొక్కులు. నానమ్మ చూసి, చెంపలు వేసుకుని, "అమ్మ పోసింది" అంది. ఇప్పటివాళ్లు మశూచి అంటారు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు.

ఆ గడియ నుంచి మా ఇల్లు ఇంకొకరి ఇల్లయింది. గుమ్మానికి వేపమండలు. పొయ్యి మీద మూకుడు ఎక్కడానికి లేదు, నూనెలో ఆవాలు చిటపటమనడానికి లేదు, ఆ ఘాటు తల్లికి పడదు. మేమంతా చల్ల పోసిన అంబలి, ఉల్లిగడ్డ తిన్నాం. ఎవరూ తల దువ్వుకోకూడదు, ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. అక్కను పచ్చి వేపాకు పరిచిన చాప మీద పడుకోబెట్టారు. ఎప్పుడూ అక్కను తిడుతూ పనులు చెప్పే నానమ్మ, పొద్దునా సాయంత్రం పసుపునీళ్లు చల్లి ఆమెకే చేతులు జోడించి, "సల్లగుండు తల్లీ, పిల్లల్ని సల్లగ సూడు" అనేది. ఇల్లంతా వేప, పసుపు, పులిసిన చల్ల వాసన. వాటి అడుగున ఇంకొక వాసన ఉండేది, దాని పేరు నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను పసుల కొట్టంలో పడుకోమన్నారు. అక్కకు పొక్కులు మాడుతున్న రోజుల్లో, ఇంకా అమ్మ పాలు మరవని మా చిన్నచెల్లె బుజ్జమ్మకు జ్వరం వచ్చింది. అక్క లేచి కూర్చుంది. బుజ్జమ్మ లేవలేదు.

నేను తలుపుతో చెప్పదలచుకున్నది ఇదీ: మా అక్క ముదిగొండ నుంచి వచ్చాకే ఇదంతా జరిగింది, కాని ఆమెను ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అనలేదు. అమ్మ పోసింది అన్నారు. పోసింది పైనున్న తల్లి. వాన పడితే ఎవరు తెచ్చారని అడుగుతామా? జీవితమంతా ఈ సంగతి నేను గొప్పగా తలుచుకున్నాను. ఇప్పుడు రోగం ఏ ముక్కులోంచి ఏ ముక్కులోకి పోతుందో చదువుకున్నాం. అది మంచిదే, దానివల్లే టీకాలు వచ్చాయి, మశూచి భూమ్మీద లేకుండా పోయింది. కాని ఆ చదువుతో పాటు ఎవరు అన్న ప్రశ్న కూడా ఇళ్లలోకి వచ్చింది. మా కాలంలో ఆ ప్రశ్న లేదు అన్నాను. "మా అక్కను ఎవరూ ఏమీ అనలేదమ్మా" అన్నాను.

"జరుగు" అంది అక్క.

నేను జరిగాను. ఆమె తలుపుకు భుజం ఆనించి, మెల్లగా నేల మీద కూలబడింది. మొహం మీద ఆ గుంటల మచ్చలు చెమటకు మెరుస్తున్నాయి.

"నిహా, మీ తాతకేం తెల్వదు. పసుల కొట్టంల పన్నోడికి ఇంట్ల సంగతేం తెలుస్తది? నన్ను అనలే, నిజమే. మా అమ్మను అన్నరు. ముత్యాలమ్మకు బోనం తప్పినవ్, అందుకే తల్లికి కోపమొచ్చింది, సంటిపిల్లను తీస్కపోయింది అన్నరు. మా నానమ్మ అన్నది, మా నాయిన అన్నడు, ఊరు ఊరంత అన్నది. పెండ్లిలల్ల మా అమ్మను పసుపు దంచనియ్యలే, తెలుసా? రోకలి పట్టుకోబోతే గుంజుకునేటోళ్లు."

పెళ్లిళ్లలో అమ్మ ఎప్పుడూ వంట దగ్గరే ఉండడం నాకు గుర్తుంది. ఆమెకు వంట ఇష్టమని నేను అనుకునేవాణ్ణి.

"నిజంగ తప్పిందా అత్తా, బోనం?" అని సుజాత అడిగింది.

"యాడ తప్పింది! ఆ కుండ నా నెత్తి మీదనే పోయింది. మా నానమ్మకు మోకాళ్ల నొప్పులు, రాలే. నేను, మా అమ్మ, ఇద్దరమే పోయొచ్చినం."

"మరి?"

"మా మేనత్త ఊళ్లె ఇంటింటికి అమ్మ పోసిందని కబురొచ్చింది. బుజ్జమ్మను అప్పుడే పూడ్సనీకి తీస్కపోయిండ్రు. మా నానమ్మ అంబలి తాగుకుంట చెంబు కింద పెట్టింది. 'ముదిగొండ పోయొచ్చినంకనే గదా' అని నా దిక్కు చూసింది. ఇంకో మాట నోట్లకెల్లి రాలే. వచ్చేదే. అప్పుడు అన్నది మా అమ్మ, 'నేనే బోనం తప్పిన, అత్తా, నీతోని చెప్పలే' అని. ముసల్ది నా దిక్కు చూసుడు ఆపి మా అమ్మ దిక్కు తిరిగింది. గట్లనే తిరిగి ఉన్నది, సచ్చిందాక."

సుజాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ పోసింది అన్న మాట అక్కను కాపాడిందని అరవై ఏళ్లకు పైగా నమ్మినవాణ్ణి నేను. మాట ఎవరినీ కాపాడలేదు. అప్పుడు కూడా ఎవరో ఒకరు కావలసి వచ్చారు.

"నేనే తెచ్చిన అని నాకు తెల్వదా నిహా? ఆనాడే తెలుసు. తెలిసే అన్నం తిన్న. తెలిసే పెండ్లి చేసుకున్న, పిల్లలను కన్న. బుజ్జమ్మ యాదికి రాని రోజు లేదు. అయినా తిన్న. నేను తినాలనే గదా మా అమ్మ అంత మాట పడ్డది? తలుపు తియ్యి బిడ్డా. కూసున్న గాని లేవనీకి రాదు, మీ తాత లేపలేడు."

లోపలి నుంచి గొంతు వచ్చింది. పొడిబారి, ఎవరిదో గొంతులా ఉంది.

"ఆమె నిన్ను ఎప్పుడన్న అన్నదా? నువ్వే తెచ్చినవని?"

అనలేదు అని చెప్పమని నేను అక్క వైపు చూసి సైగ చేశాను. అక్క నన్ను చూడలేదు.

"ఒక్కసారి అన్నది. బాగ ముసల్దైనంక. నేను తలకు నూనె రాస్తుంటే, 'నువ్వు ఆ పెండ్లికి పోకుంటే మంచిగుంటుండె రాజీ' అన్నది. అవ్ అమ్మా అన్న. ఇద్దరం ఏడ్సినం. తర్వాత జడేసిన."

గడియ తీసిన చప్పుడైంది.

పిల్ల మిర్చి ఘాటుకు కళ్లు ఎర్రబడి, దగ్గుతూ బయటికి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. సుజాత ఆమెను రెండు చేతులా చుట్టి అక్కడే కూలబడింది. నేను లోపలికి వెళ్లి చూశాను. పై అరలో దేనికీ చెయ్యి తగిలినట్టు లేదు. చీకటి పడకముందే ఆ అరలో సామానంతా కంప మీదుగా అవతలి ఇంటి రైతుకు అందించాను. అతను మాస్కు ముక్కు మీదికి లాక్కుని, ఏమీ అడగకుండా తీసుకున్నాడు. నిహారిక ఆ సాయంత్రం కూడా అన్నం తినలేదు. లక్ష్మమ్మ వరండాలోంచి కదలలేదు. చెముడు అయినా అక్క గొంతు ఆమెకు వినబడే ఉంటుంది. ఆమె మొహంలో నేనేమీ చదవలేకపోయాను.

ఒక ముసలామె కథ చెబితే పిల్లకు నయమైంది అని నేను రాయను. దారులు తెరిచాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, మందులు వాడింది, చాలా నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు మళ్లీ భయపడ్డాం. మా కాలంతో ఈ కాలాన్ని పోల్చడం నాకు ఇష్టమైన పని, ఈ విషయంలో మాత్రం తూకం ఎటు మొగ్గుతుందో తేల్చలేకపోతున్నాను. మా ఊళ్లో ఒక మాట పుడితే వాగు దాటడానికి వారం పట్టేది, మనిషికి ఈలోగా ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండేది. నిహారికకు ఆ మాట అరచేతిలోనే మోగేది. కాని ఆమెకు డాక్టరు ఉన్నాడు, మా అమ్మకు ఎవరున్నారు? రోకలి చేతిలోంచి లాక్కున్న రోజు ఆమె ఎవరితో చెప్పుకుంది? నా డైరీలు ఉద్యోగంలో చేరాక మొదలయ్యాయి. అంతకుముందు ఇంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో రాసినవాళ్లు లేరు.

మర్నాడు పొద్దున మణుగూరు చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. లక్ష్మమ్మ ఒళ్లో స్పీకరు మోగింది.

"అక్కా, పిల్ల తిన్నదా? గదే తెచ్చిందని ఈడ గూడ అందరంటున్నరు. ఇగ నౌకరి గూడ దానికేనా అని మా కొడుకు అంటుండు..."

సుజాత వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి ఫోన్ మీదికి వంగింది. "అది తేలే చిన్నత్తమ్మా. నేను తెచ్చిన. కొత్తగూడెం అంగడికి పోయొచ్చిన. మీ వెంకన్న వద్దన్నడు, నేనే ఇనలే."

ఆ నెలంతా సుజాత ఊరి పొలిమేర దాటలేదు. అది ఇంట్లో అందరికన్నా లక్ష్మమ్మకే బాగా తెలుసు.

"నిజమేనా అక్కా?" అంది ఫోను.

లక్ష్మమ్మ తల ఎత్తి కోడలి మొహం చూసింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

"అవ్" అంది లక్ష్మమ్మ. "ఇదే తెచ్చింది. చెప్తే ఇంటదా? ఎన్నడన్న ఇన్నదా నా మాట? పిల్లేం జేస్తది, పిల్లనెందుకంటరు? అనేటోళ్లుంటే దీన్ని అనమను." కోడల్ని తిట్టడానికి ఆమె మాటలు వెతుక్కోనక్కర్లేదు, ఏళ్ల అలవాటు. తిట్టుకూ తిట్టుకూ మధ్య మాత్రం ఆమె గడ్డం వణుకుతున్నది.

లోపలి గది గుమ్మంలో నిహారిక నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు.

"అమ్మ ఏడికి పోయింది నానమ్మా? ఎందుకు అబద్ధం చెప్తవ్?"

"నా కోడలు, నా ఇష్టం. అంటా."

"అనొద్దు."

"అంటా. నువ్వెవరే అడగనీకి?"

"దాని బిడ్డను!"

ఆ గొంతుకు ఫోను కూడా "హలో, హలో" అనడం మానేసింది. నేను సర్దిచెబుదామని లేవబోతే అక్క మంచం మీద నుంచే నా చొక్కా పట్టి లాగింది. "కూసోరా తమ్మీ. కొట్లాడుకోనియ్యి." వాళ్లిద్దరూ కొట్లాడుకున్నారు. అంగడి దగ్గర మొదలై, చిన్నప్పుడు విరిగిన బొమ్మల దాకా, వెంకన్నకు ఎవరంటే ఎక్కువ ప్రేమ అన్నదాకా పోయారు. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఇద్దరూ ఆగడం లేదు. సుజాత రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, పళ్లెం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. నిహారిక పళ్లెం వంక చూడను కూడా లేదు. ఒక ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, నానమ్మకు జవాబు చెప్పింది.